626 వేసవి: రెండు రాజధానులు, ఇద్దరు ఖాగాన్‌లు

ఏదో ఒక సంవత్సరం పట్టుకుని, అప్పుడు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూడటం నాకో పిచ్చి. చాలాసార్లు ఏమీ తేలదు, దేని గోల దానిదే. 626 మాత్రం నన్ను వారం రోజులు వదల్లేదు.

ఆ జులై 29న అవార్లనే సంచార జాతి ఖాగాన్ (అంటే వాళ్ల రాజు) తూర్పు రోమన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్ గోడల ముందు దిగాడు. అతని సైన్యం 80 వేలని అప్పటి కవి ఒకాయన లెక్క (కవిగారి లెక్క కదా, కాస్త తగ్గించుకోండి). లోపలున్నది ఓ 12 వేల గుర్రపు దళం. చక్రవర్తి హెరాక్లియస్ ఊళ్లోనే లేడు, పర్షియాతో యుద్ధానికి తూర్పుకి వెళ్లాడు. ఊరి భారమంతా పాత్రియార్క్ (అక్కడి చర్చి పెద్ద) సెర్గియస్ మీద, బోనస్ అనే అధికారి మీద పడింది (పేరు నిజంగా అదే). పైగా ఊరి పక్కనున్న బాస్ఫరస్ జలసంధి అవతలి ఒడ్డున సేనాని షహర్‌బరాజ్ పర్షియన్ సైన్యంతో కాచుక్కూర్చున్నాడు. ఇటు రావాలంటే వాళ్లకి పడవల్లేవు, కథంతా అక్కడే ఆగింది.

ఆగస్టు 2న ఊరి తరఫున రాయబారులు వెళ్తే, ఖాగాన్ వాళ్లని నిలబెట్టి, పట్టుబట్టలు కట్టుకున్న ముగ్గురు పర్షియన్ దూతల్ని మాత్రం కూర్చోబెట్టుకున్నాడు. ఆస్తులన్నీ వదిలేసి కట్టుబట్టలతో పొండి, మీరు చేపలై సముద్రంలోకి పోలేరు, పక్షులై ఆకాశానికి ఎగరలేరు అన్నాడట. ఆ రాత్రే ఆ ముగ్గురూ పడవలో తిరిగి వెళ్తూ రోమన్లకి దొరికిపోయారు. ఒకడి తల పడవలోనే తెగింది. ఇంకొకడిని అవతలి ఒడ్డున ఉన్న పర్షియన్లకి కనబడేలా నరికారు. మూడోవాడి చేతులు రెండూ నరికి, చచ్చినవాడి తల మెడకి కట్టి ఖాగాన్ దగ్గరికి పంపారు. జవాబు అర్థమయ్యే ఉంటుంది.

ఆగస్టు 7న ఖాగాన్ వైపున్న స్లావులు మాను తొలిచి చేసిన దోనెల్లో ఊరి పక్కనున్న సముద్రపు పాయ గోల్డెన్ హార్న్‌లోకి దిగితే రోమన్ ఓడలు చితక్కొట్టాయి. ఈదుకుంటూ ఒడ్డుకి చేరినవాళ్లని ఖాగానే చంపించాడంటారు. తర్వాత ముట్టడి యంత్రాలు తనే తగలబెట్టుకుని వెళ్లిపోయాడు. అవార్లు తెంపిన, ఊరికి నీళ్లు తెచ్చే వాలెన్స్ నీటి కాలువలో మాత్రం మళ్లీ 766 దాకా నీళ్లు పారలేదు, అంటే 140 ఏళ్లు!

ఇప్పుడు చైనా. ఆ ముట్టడి మొదలవడానికి 27 రోజుల ముందు, జులై 2న, రాజధాని చాంగాన్‌లో లీ షీమిన్ అనే రాకుమారుడు షువాన్‌వు ద్వారం దగ్గర మాటు వేసి సొంత అన్న, యువరాజు జియాన్‌చెంగ్‌ని బాణంతో కొట్టి చంపాడు. తమ్ముడు యువాన్‌జీ కూడా అక్కడే పోయాడు. తండ్రి గావ్‌జు చక్రవర్తి ఆ సమయానికి కోటలోని చెరువులో పడవ షికారులో ఉన్నాడు. కవచం తొడుక్కుని, బల్లెం పట్టుకుని షీమిన్ మనిషి యూచీ జింగ్‌దే వచ్చి ఎదురుగా నిలబడి, రక్షణ కోసం వచ్చానన్నాడు. పాపం పెద్దాయన ఇంకేమంటాడు? సెప్టెంబర్‌లో కొడుకు గద్దెనెక్కాడు. చరిత్రలో గొప్ప చక్రవర్తిగా చెప్పుకునే తాయ్‌జాంగ్ ఇతనే.

గద్దె ఎక్కి నెల తిరక్కుండానే తూర్పు తుర్కుల ఇల్లిగ్ ఖాగాన్ చాంగాన్ పక్కనే వెయ్ నది దాకా వచ్చేశాడు. తాయ్‌జాంగ్ ఆరుగురితో గుర్రమెక్కి ఒడ్డుకెళ్లి, ఇన్నాళ్లూ బంగారం, పట్టు పుచ్చుకుని మాట తప్పుతావా అని నది ఇవతల నుంచే నిలదీశాడు. తర్వాత వంతెన మీద తెల్ల గుర్రాన్ని బలిచ్చి ఒప్పందం చేసుకున్నారు.

నన్ను వదలనిది ఇదే. అవార్ల పెద్దల కుటుంబాలు మంగోలియా వైపు నుంచి వచ్చినవేనని 2022లో ఎముకల డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది. ఆరో శతాబ్దం మధ్యలో అక్కడ తుర్కులు లేచాకే వీళ్లు పడమరకి వచ్చిపడ్డారు, పారిపోయిన మా బానిసలని తుర్కులు రోమన్లతో అనేవాళ్లు కూడా. అంటే తరిమినవాళ్లూ, పారిపోయినవాళ్లూ ఒకే ఏడాది, రెండు నెలల తేడాతో, వేల మైళ్ల దూరంలో రెండు మహా రాజధానుల గుమ్మం ముందు నిలబడ్డారు!

ఇల్లిగ్ 630లో టాంగ్ (తాయ్‌జాంగ్ వంశం) సైన్యానికి పట్టుబడి చాంగాన్ చేరాడు. కొన్నేళ్లకి ఒక విందులో లేచి నాట్యం చెయ్యమని అతనికి హుకుం వచ్చింది. ఆ హుకుం ఇచ్చింది ఎవరో కాదు, ఆ రోజు పడవలో ఉన్న గావ్‌జునే.