నాన్న ట్రంకు పెట్టెలు

నాన్న బడిపంతులు. నలభై ఏళ్లు కథలు రాశారు. అచ్చయినవి పోగా మిగిలిందంతా అటక మీద రెండు ట్రంకు పెట్టెల్లో ఉండిపోయింది. ఆయన పోయిన మూడో ఏట మొదటి పెట్టె మూత తీస్తే రామబాణం పురుగులు పరుగులు తీశాయి. వీటిని భద్రంగా చూసేవాళ్లకు అప్పగించాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

మొదట వెళ్లిన గ్రంథాలయంలో అచ్చు పుస్తకాలైతేనే తీసుకుంటామన్నారు. పుస్తకానికో నంబరు వేసే పద్ధతిలో విడి కాగితాలు ఇమడవు మరి. వ్రాతప్రతుల విభాగం ఉన్న మరో గ్రంథాలయం దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఈలోగా నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. మొదటి పెట్టెలోని కట్టలన్నీ విప్పి ఉత్తరాలు ఒకవైపు, కథలు మరోవైపు చక్కగా సర్దాను. ఆ గ్రంథాలయం నుంచి వచ్చినావిడ చూసి, "మీ నాన్నగారు ఇలాగే పెట్టుకున్నారా అండీ?" అని అడిగారు. నేనే సర్దానని గర్వంగా చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

ఏ కాగితం దేని పక్కన ఉందన్నది కూడా ఆధారమేనట. కథ చిత్తుప్రతి, దాన్ని తిప్పి పంపుతూ సంపాదకుడు రాసిన కార్డు, మార్చి రాసిన ప్రతి ఒకే కట్టలో ఉంటే ఆ కథ ఎలా మారిందో తెలుస్తుంది. నేను కార్డులన్నీ ఒక కవరులో వేసేశాను. ఏ కార్డు ఏ కథదో ఇప్పుడు చెప్పగలిగిన మనిషి లేడు.

నాన్న చిత్తుప్రతుల మీద తేదీ వేసేవారు కాదు. పాత ప్రశ్నపత్రాల వెనక రాసేవారు. రాసిన వైపు జిరాక్స్ తీయించి, చిరుగుతున్న అసలు కాగితాలు పారేద్దామనుకున్నాను కూడా. ఆవిడ ఒకటి తిప్పి చూపించారు: పరీక్ష పేరు, పక్కనే సంవత్సరం. ఆ కథ అంతకు ముందు రాసింది కాదని అక్కడే తేలిపోయింది. అదృష్టం, రెండో పెట్టె నేనింకా ముట్టుకోలేదు.

ఆ పెట్టె ఆవిడ ముందే విప్పాం. కట్టల వరుస రాసుకుంటూ, తుప్పు పట్టిన గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు తీసేసి, ఆమ్లం లేని కాగితపు ఫోల్డర్లలో పెట్టాం. చిరుగులకు సెల్లోటేపు వేయవద్దన్నారు. అప్పటికే వేసినవాటి సంగతి నేను ఎత్తలేదు.

తోటి రచయితల ఉత్తరాల దగ్గర మళ్లీ ఆగాం. కాగితం మాదే, అందులోని మాట మాత్రం రాసినవారిది. వారు పోయాక కూడా ఆ హక్కు వారసులకు ఉంటుంది. గ్రంథాలయం దాచవచ్చు గానీ అచ్చు వేయాలంటే వాళ్లను అడగాల్సిందే. నాన్న రచనల సంగతీ అంతే: కాగితాలు ఇచ్చినంత మాత్రాన కాపీహక్కు ఇచ్చినట్టు కాదు, దానికి విడిగా రాసి సంతకం పెట్టాలి. చిత్రమేమిటంటే, ఆ అముద్రిత ప్రతులను నాన్నే వీలునామాలో గ్రంథాలయానికి రాసి ఉంటే, మరోలా చెప్పనంతవరకు హక్కు కూడా వాటితోపాటే వెళ్లేదట. ఇంటి గొడవలున్న ఒక ఉత్తరాల కట్టను ఇరవై ఏళ్లదాకా తెరవకూడదని ఒప్పందంలో రాయించాను.

అంతా ఇచ్చాం, ఒక్క పద్దు పుస్తకం తప్ప. పాలవాడి లెక్కల వెనక ఒక కథ మొదలై రెండు పేజీల్లో ఆగిపోయింది. అది ఇవ్వనని అమ్మ ఒళ్లో పెట్టుకు కూర్చుంది. గ్రంథాలయం ఆవిడ బలవంతం చేయలేదు. జాబితాలో దానికీ ఒక వరుస కేటాయించి, ఎదురుగా "కుటుంబం వద్ద ఉంది" అని రాసుకున్నారు.