కోనసీమకు వెళ్లే ముందు గోదావరి ఎక్కడ దాటాలో తేల్చుకోండి

కోనసీమకు దారి కిలోమీటర్లలో లెక్కేస్తే పొరపాటు పడతారు. గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల్ని ఎక్కడ దాటుతారన్నదే అసలు లెక్క.

ముందుగా రైలు సంగతి. అమలాపురానికి ఇంకా రైలు లేదు. కోటిపల్లి–నరసాపురం లైను పనులు ఏళ్లుగా సాగుతూనే ఉన్నాయి. అమలాపురం, ముక్తేశ్వరం వైపు వెళ్లేవాళ్లు రాజమండ్రిలో దిగాలి. స్టేషన్ నుంచి ఆటోలో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్తే రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం బస్సులు దొరుకుతాయి. దూరం 65 కిలోమీటర్లకు అటూ ఇటూ, అయినా రెండు గంటలు చేతిలో ఉంచుకోండి. శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికి జనం పోటెత్తుతారు కాబట్టి బొబ్బర్లంక, రావులపాలెం రోడ్లలో ఇంకా ఆలస్యమవుతుంది. కాకినాడ నుంచైతే యానాం–ఎదుర్లంక వంతెన మీదుగా 216 జాతీయ రహదారి నేరుగా అమలాపురం చేరుస్తుంది.

అంతర్వేదికి మాత్రం రాజమండ్రి దారి చుట్టు. నరసాపురం దాకా రైల్లో వెళ్లి, రేవులో పంటు (మనుషుల్నీ బండ్లనీ దాటించే పడవ) ఎక్కి వసిష్ఠ దాటితే అవతలి ఒడ్డే సఖినేటిపల్లి. అక్కణ్నుంచి బస్సో ఆటోనో ఉంటుంది. కారుంటే, పంటు కోసం వరుసలో నిలబడే ఓపిక లేకపోతే, పాలకొల్లు వైపు నుంచి చించినాడ వంతెన దాటి దిండి, రాజోలు మీదుగా రండి. దూరం పెరిగినా నమ్మకమైన దారి అదే.

పంటు మీదికి బండి ఎక్కించేటప్పుడు వెనక కూర్చున్నవాళ్లను దింపేయండి. బురద పట్టిన చెక్కల మీద బ్రేకు గట్టిగా పట్టారంటే టైరు జారుతుంది. మొదటి గేరులో, ఆపకుండా, నిదానంగా ఎక్కించాలి. వేసవిలో నీరు దిగి ఒడ్డుకీ పంటుకీ మధ్య వాలు పెరుగుతుంది, కింద ఎత్తు తక్కువున్న కార్లకు అడుగు తగిలేది అక్కడే. చీకటి పడితే దాటించరని లెక్కేసుకుని, సాయంత్రానికి ముందే రేవు చేరండి.

జులై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం నీటిమట్టం చూడకుండా బయల్దేరొద్దు. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. వరద పెరిగితే పంట్లు ఆపేస్తారు. లంక గ్రామాల కాజ్‌వేలు మునిగిపోతాయి, చాకలిపాలెం దగ్గరి కనకాయలంక కాజ్‌వే అలాంటిదే. ఇక్కడ వాన లేకపోయినా ఎగువ భద్రాచలం వరద ఇక్కడికి దిగుతుంది కాబట్టి ఆకాశం చూసి ధైర్యం తెచ్చుకోకండి.

జిల్లాలో తిరగడానికి పల్లెవెలుగు బస్సులు చాలా ఊళ్లకు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ మహిళలకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో స్త్రీశక్తి పథకం కింద ఛార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. ఇతర రాష్ట్రాలవారు టికెట్ తీసుకోవాల్సిందే. అప్పనపల్లి, అయినవిల్లి, ఓడలరేవు ఒకే రోజులో చూడాలంటే బస్సులు మారుతూ కూర్చుంటే కుదరదు. అమలాపురంలో రోజంతటికీ ఆటో మాట్లాడుకోండి, ఎక్కడ ఎంతసేపు ఆగాలో, మొత్తం ఎంతో ఎక్కకముందే తేల్చుకోండి. సముద్రపు ఒడ్డున ఇసుకలోకి కారు దింపకండి. పైపొర గట్టిగానే కనిపిస్తుంది, కింద మెత్తగా ఉండి చక్రం కూరుకుపోతుంది.

అంతర్వేదిలో బస్సు దిగేటప్పుడే తిరుగు ఆఖరి బస్సు ఎన్నింటికో కండక్టర్‌ని అడగండి. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర సాగరసంగమం చూస్తూ ఉంటే పొద్దు తెలియదు.