పులిహోర నా వంతు

"మేము బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్ కాదమ్మా. మీరే మమ్మల్ని ఒకే పంజరంలో పెట్టారు."

తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే శనివారం పాట్‌లక్‌కి ఎందుకు రావని అడిగితే మా పన్నెండేళ్ళ పిల్ల ఇచ్చిన జవాబిది. అక్కడికి వచ్చే నా స్నేహితురాలి కూతురిదీ దీని ఈడే. ఇద్దరికీ తెలుగు అర్థమవుతుంది, ఇద్దరూ ఇంగ్లీషులోనే బదులిస్తారు. స్నేహానికి ఇంతకంటే ఏం కావాలని నా లెక్క. వాళ్ళు మాత్రం సోఫాకి చెరో కొసన కూర్చుని ఫోన్లు చూసుకుంటారు.

వాదనలో గెలుద్దామని, ఒకే రకం పిట్టలు ఒకచోట చేరతాయనే ఆ ఇంగ్లీషు సామెత పుట్టుక వెతికాను. 1545లో విలియం టర్నర్ అనే ఇంగ్లీషాయన పుస్తకంలో కనిపిస్తుంది. 1544లోనే పక్షుల మీద పుస్తకం వేసినవాడు కదా, పిట్టల సంగతి తెలిసే రాసుంటాడని సంబరపడ్డాను. తీరా చూస్తే, మత వివాదంలో అవతలి పక్షాన్ని దుమ్మెత్తిపోసిన పుస్తకమది! లాభం లేదని సుమతీ శతకం తీశాను. 'అక్కరకు రాని చుట్టము' దానికి నేనే నేర్పాను. "ఆపదలో ఆదుకునేవాళ్ళే..." అని మొదలుపెట్టానో లేదో, "రానివాళ్ళని వెంటనే వదిలెయ్యమనే కదా అందులో ఉంది" అంది. ఇక నాకు నోరు పెగల్లేదు.

దానికి స్నేహితులు లేక కాదు. స్కూల్ బస్సులో పక్క సీటు మీద తన ట్రంపెట్ పెట్టె అడ్డం పెట్టి, రోజూ దీనికి చోటు ఆపే పిల్ల ఒకతి ఉంది. "షి హ్యాజ్ మై బ్యాక్" అంటుంది మురిసిపోతూ. ఆ పిల్ల ఇంటికొస్తే, మీ నాన్న ఏం చేస్తారు, మీదే ఊరు అని నేను ఆరా తీయబోయాను. మా పిల్ల నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

నిజానికి ఆ పాట్‌లక్ గ్రూపుని వాట్సాప్‌లో మ్యూట్‌లో పెట్టిందీ నేనే, కారులో దారిపొడుగునా వాళ్ళని విసుక్కునేదీ నేనే. అయినా వెళ్ళడం మానను. ఆ స్నేహితురాలికీ నాకూ కలిసే అభిరుచి ఒక్కటీ లేదు. పాత అపార్ట్‌మెంట్‌లో మా కార్లు పక్కపక్కన ఆగేవి, అంతే పరిచయం. చిన్నవాడి కాన్పుకి అర్ధరాత్రి నొప్పులొస్తే, ఈ పిల్లని దుప్పటితో సహా ఎత్తుకుపోయి తన మంచం మీద పడుకోబెట్టుకుంది. మర్నాడు పెరుగన్నం కలిపి తినిపించింది. ఏరి కోరి చేసుకున్న స్నేహితులు నాకూ ఉన్నారు, అందరూ హైదరాబాదులో.

ఇదంతా ఓపిగ్గా విని, "అయితే ఆంటీకి నువ్వు ఫ్రెండ్‌వి. మధ్యలో మేమెందుకు?" అంది. అదీ నిజమే. దానికి తోడుండాలని లాక్కెళ్తున్నానో, నాకే తోడు కావాలనో నాకే తెలియడం లేదు.

పులిహోర నా వంతు, వెళ్ళక తప్పదు. పిల్లేదని ఆవిడ అడగక మానదు. హోంవర్క్ ఉందని చెప్పమంటారు మావారు. వేసవి సెలవుల్లో హోంవర్క్ ఏమిటండీ!