టైబీరియస్ బంగారు నాణెం: మూడో అచ్చు

మూడో అచ్చు నిన్న రాత్రి పూర్తయింది. ఇదీ రోమన్ చక్రవర్తి టైబీరియస్ (క్రీ.శ. 14–37) ఆరియస్ అనే బంగారు నాణేనిదే. అసలు నాణెం సుమారు 7.8 గ్రాముల బంగారం, వెడల్పు 2 సెంటీమీటర్ల లోపే. దాన్ని నాలుగింతలు పెంచి, 8 సెంటీమీటర్ల ప్లాస్టర్ బిళ్ల మీద చెక్కుతున్నాను.

మొదటి అచ్చులో అక్షరాలన్నీ తిరగబడ్డాయి. అచ్చులో కుడి, నాణెం మీద ఎడమ అవుతుందని తెలుసు. అయినా సూది పట్టుకోగానే చెయ్యి అలవాటుగా రాసేసింది. ఇప్పుడు ట్రేసింగ్ పేపర్ మీద గీసి, తిరగేసి, పెన్సిల్ గీత అంటేలా రుద్దుతున్నాను. రెండోది మరీ పలచగా పోశాను, నొక్కగానే విరిగింది. ఈసారి అంగుళం మందం ఉంచాను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు. పోసిన మర్నాడు, ఇంకా చెమ్మ ఉండగా చెక్కితే సూది హాయిగా నడుస్తుంది. లోతు సరిపోయిందో లేదో చపాతీ పిండి ముద్ద నొక్కి చూస్తున్నాను.

బొరుసు వైపే ఎక్కువ సమయం పట్టింది. కుర్చీలో కూర్చున్న స్త్రీ, ఒక చేతిలో పొడవాటి రాజదండం, మరో చేతిలో కొమ్మ. టైబీరియస్ తల్లి లివియా అని చాలామంది అంటారు కానీ పేరు ఎక్కడా లేదు. చుట్టూ ఉన్నది 'పాంటిఫ్ మాక్సిమ్', అంటే ప్రధాన పూజారి అన్న చక్రవర్తి బిరుదే. బొమ్మ వైపు మాత్రం 'దివ్య ఆగస్టస్ కుమారుడు' అని పెంపుడు తండ్రి పేరు స్పష్టంగా ఉంది. ఇదే బొరుసులో కొన్ని నాణేలకు కుర్చీ కాళ్లు సాదాగా, కొన్నింటికి నగిషీతో ఉంటాయి. నేను నగిషీ రకం ఎంచుకున్నాను. ఆ కాళ్లకే రెండు సాయంత్రాలు పోయాయి.

తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1898లో దొరికిన 501 ఆరియస్‌లలో ఎక్కువ వాటికి చక్రవర్తి తల మీదుగా గాటు ఉంది. మన నేల మీదికి వచ్చిన నాణేన్ని ఆ గాటుతోనే చూడాలనిపించింది. అందుకే అచ్చు నుంచి బంకమట్టితో రెండు ముద్రలు తీసి, ఒకదానికి ఆరకముందే బ్లేడుతో గాటు పెట్టాను. నాలుగు రోజులు చెక్కిన ముక్కు, దవడ ఒక్క గీతకు రెండయ్యాయి. చెయ్యి కాసేపు ఆగిపోయింది.

రెండూ ఇప్పుడు నీడలో ఆరుతున్నాయి. ఆరాక పసుపు రంగు వేస్తాను, గాటు లోపల మాత్రం వెయ్యను.