వీర్య పరీక్ష రిపోర్టు: కౌంట్ కంటే ముందు చూడాల్సినవి

వీర్య పరీక్ష రిపోర్టు చేతికి రాగానే చూపు నేరుగా కౌంట్ (వీర్యకణాల సంఖ్య) మీదికే పోతుంది. ముందు చూడాల్సింది పై వరుసల్లో ఉంటుంది: వీర్యస్ఖలనం లేకుండా ఎన్ని రోజుల విరామం, శాంపిల్ ఇచ్చిన టైమ్, పరీక్ష మొదలుపెట్టిన టైమ్, మొత్తం కప్పులో పడిందా లేదా. ఇవేవీ రాయని రిపోర్టును పట్టుకుని మందులు మొదలుపెట్టడం తొందరపాటే.

విరామం 2 నుంచి 7 రోజులు ఉండాలి. కౌంట్ బాగా వస్తుందని ఇంకా ఎక్కువ రోజులు ఆగేవాళ్లుంటారు. కౌంట్ పెరగొచ్చు గానీ కదలిక పడిపోతుంది.

కప్పు సంగతి ఇంకా ముఖ్యం. వీర్యకణాల్లో ఎక్కువ భాగం మొదటి చుక్కల్లోనే, ప్రోస్టేట్ గ్రంథి స్రావంతో పాటు వచ్చేస్తాయి. ఆ తర్వాత వచ్చేది చాలావరకు సెమినల్ వెసికిల్స్ అనే గ్రంథుల నుంచి వచ్చే ద్రవమే. కాబట్టి చివర్లో కాస్త పోతే నష్టం తక్కువ. మొదటి చుక్కలు బయట పడ్డాయంటే మాత్రం ఆ కౌంట్‌కు అర్థం లేదు. మొహమాటపడి ఈ మాట ల్యాబ్‌లో చెప్పకపోవడం వల్లే లేని జబ్బు ఉన్నట్టు తేలుతుంది. ఉమ్ము, లూబ్రికెంట్, మామూలు కండోమ్ వాడకూడదు, కణాల కదలిక దెబ్బతింటుంది. ఇంటి దగ్గర శాంపిల్ తీస్తే కప్పును ఒంటికి ఆనించి, చల్లబడకుండా తేవాలి. అరగంటలో ల్యాబ్‌కు చేరితే మంచిది, గంట దాటకూడదు.

ఇక అంకెలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్ ప్రకారం కనీస హద్దులు: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం 3.9 కోట్లు, ముందుకు కదిలేవి 30 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం. ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన మగవాళ్లను పరీక్షించి, ఒక్కో కొలతలో అట్టడుగు 5 శాతం ఎక్కడుందో చూసి పెట్టిన గీతలివి. అంటే గీత కింద ఉన్నవాళ్లూ తండ్రులయ్యారు. గీత పైన ఉన్నంత మాత్రాన గ్యారంటీ కూడా లేదు.

అందరినీ ఎక్కువ భయపెట్టేది ఆకారం అంకె. టెక్నీషియన్ 200 కణాలు చూస్తే, 4 శాతం అంటే 8 కణాలు. అదే స్లైడు మళ్లీ లెక్కపెడితే 5 రావచ్చు, 12 రావచ్చు. 3 శాతానికీ 5 శాతానికీ తేడా ఉందని కంగారుపడటం అనవసరం.

వీర్యకణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది. రెండు నెలల కింద వచ్చిన గట్టి జ్వరం ఈరోజు కౌంట్‌లో కనిపించేది అందుకే. తేడా వస్తే కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించాలి. కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. బయటి హార్మోన్ ఉందని మెదడు వృషణాలకు సంకేతాలు ఆపేస్తుంది, కౌంట్ సున్నాకు కూడా చేరొచ్చు. ఆపాక కోలుకోవడానికి నెలలు పడుతుంది.

సున్నా అని రాసిన రిపోర్టులో శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదాన్ని చూశారో లేదో అడగండి. పరిమాణం తక్కువగా ఉండి, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 కంటే తగ్గితే దారిలో అడ్డంకి ఉందేమో, వీర్యనాళాలు పుట్టుకతోనే లేవేమో చూడాలి. అలాంటి చాలామందిలో వృషణాల్లో కణాలు తయారవుతూనే ఉంటాయి, సూదితో తీసి ఇక్సీకి (ల్యాబ్‌లో ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి) వాడొచ్చు.