తిన్నాకే వేసుకున్నాను

ఇరవై రెండేళ్ళు కుట్టు మిషన్ తొక్కీ తొక్కీ నా మోకాళ్ళు అరిగాయి. పెళ్ళిళ్ళ సీజన్‌లో జాకెట్లు కుప్పపడిన రోజే కాళ్ళు మొరాయిస్తాయి. వీధి చివర మెడికల్ షాపతను డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర ఇచ్చాడు. వేసుకున్న గంటకల్లా మోకాలనేదే లేనంత హాయి. "రోజూ వేసుకోవచ్చా తమ్ముడూ?" అని అడిగాను. "తిన్నాక వేసుకోండక్కా, ఏం కాదు" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఏడు నెలలు రోజుకి రెండేసి మింగాను. ఒక్క పూటైనా ఖాళీ కడుపుతో వేసుకోలేదు.

తర్వాత్తర్వాత నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువైందేమోనని ఐరన్ మాత్రలు మొదలుపెట్టాను. విరేచనం నల్లగా అవుతుంటే ఐరన్ వల్లేలే అనుకున్నాను. ఐరన్‌తో నల్లబడే మాట నిజమే. నాది మాత్రం తారులా జిగట, భరించలేని కంపు. ఇలాంటివి ఎవరితో చెప్పుకుంటాం!

ఓ రాత్రి రెండింటప్పుడు వాంతి అయింది. ఫిల్టర్‌లో మిగిలే కాఫీ పిప్పిలా ఉంది. "సాయంత్రం కాఫీ ఎక్కువైందేమో" అన్నారు మా ఆయన, సగం నిద్రలో. లేవబోతే కళ్ళు చీకట్లు కమ్మాయి. బాత్రూమ్ నేల మీద పడి ఉన్నాను. కొళాయి నుంచి నీలం మగ్గులోకి చుక్క చుక్కగా నీళ్ళు పడుతున్నాయి. తెల్లారి ఇవ్వాల్సిన పెళ్ళికూతురి జాకెట్‌కి ఇంకా హుక్కులు కుట్టలేదే అనుకోవడం గుర్తుంది. పిల్లలు గుర్తురాలేదు, హుక్కులు గుర్తొచ్చాయి. అత్తయ్య నా తల ఒళ్ళో పెట్టుకుని గోవిందా గోవిందా అంటూనే ఉంది.

ఆస్పత్రిలో చూస్తే హిమోగ్లోబిన్ 5.8కి పడిపోయింది. రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించారు. ఎండోస్కోపీలో కడుపులో పుండు కనబడితే క్లిప్పు వేసి రక్తం ఆపారు. ఆ నల్ల విరేచనం, కాఫీ పిప్పి వాంతి ఆ పుండు నుంచి కారిన రక్తమేనట. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నా మందుల చీటీ చూసి, "చాక్లెట్లనుకున్నావా అమ్మా?" అన్నాడు. పక్క మంచాలవాళ్ళు నవ్వారు. ప్రాణం నిలబెట్టినవాళ్ళలో అతనూ ఉన్నాడు, కాదనను. ఆ నవ్వు మాత్రం ఇంకా మింగుడుపడలేదు.

పెద్ద డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పింది. మోకాలిలో వాపు, నొప్పి పెంచే పదార్థమే కడుపు లోపలి పొరను కాపాడుతుందట. ఈ మందు రక్తంలో కలిసి రెండు చోట్లా దాన్ని ఆపేస్తుంది. అందుకే తిన్నాక వేసుకున్నా, సూదిమందుగా ఇచ్చినా ముప్పు తప్పదు. మరి కడుపు నొప్పి ఎందుకు రాలేదంటే, "నొప్పి తెలియకుండా రోజూ గోళీ వేసుకుంటున్నావుగా" అంది.

డిశ్చార్జ్ అయ్యాక ఆ షాపుకి వెళ్ళాను, నాలుగు దులపడానికే. "మీ ఒక్కరికే అలా అయిందక్కా" అంటూనే ఓ ముసలాయనకి అదే స్ట్రిప్ కత్తిరించి ఇచ్చాడు. మా అబ్బాయి ఇంకో సంగతి చెప్పాడు. ఈ మందు వేసిన గొడ్ల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోయేవట. అందుకే 2006లో పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ని నిషేధించారట. మా వీధిలో అడిగినవాళ్ళందరికీ ఇస్తున్నారు!

మందే చెడ్డదని నేననను. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే మేలే చేస్తుంది. నల్లగా జిగటగా విరేచనం అయితే మాత్రం ఐరన్ వల్లేనని సర్దిచెప్పుకోకండి. బీపీ మాత్రలు వాడేవాళ్ళు ఈ మందు కిడ్నీలకి ఏం చేస్తుందో కూడా డాక్టర్ని అడగండి.

ఇప్పుడు పైపూత జెల్, మరీ తప్పకపోతే పారాసిటమాల్. పొద్దున్నే కుర్చీలో కూర్చుని కాలు చాచి పది లెక్కపెట్టే వ్యాయామం. మిషన్‌కి మోటారు పెట్టించారు మా ఆయన. ఆ కాఫీ మాటకి అది పరిహారమనుకుంటా.

అన్నీ సర్దుకున్నాయనుకుంటే అత్తయ్య మొన్న అసలు సంగతి బయటపెట్టింది. ఆ రాత్రి వెంకన్నకి మొక్కుకుందట, నేను బతికితే అలిపిరి నుంచి మెట్లెక్కిస్తానని. తనని కాదు, నన్ను! 3,550 మెట్లు.