పాత జేసీబీకి ఏ ఇంజన్ ఆయిల్ పోయాలి: నా అనుభవం

పల్నాడులో నల్లరేగడి చేలకు కాలవలు తీయడానికి, మిరప కళ్లాలు చదును చేయడానికి, పైపులైన్ గుంతలకు తిరిగే జేసీబీ 3డీఎక్స్ మాది. కిర్లోస్కర్ ఇంజన్ ఉన్న పాత మోడల్. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాం. బండితో పాటు ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితాలు చేతికొచ్చాయి గానీ ఇన్నేళ్లూ ఇంజన్‌లో ఏ ఆయిల్ పోశారో చెప్పే చీటీ ఒక్కటీ లేదు. బండి ఎన్ని గంటలు పనిచేసిందో లెక్కపెట్టే అవర్ మీటరు ఎప్పుడో ఆగిపోయింది.

అడిగితే తలా ఒక మాట. "అన్నా, ముసలి ఇంజన్ ఇది, చిక్కటి 20డబ్ల్యూ-50 పోద్దాం, పొగ తగ్గుద్ది" అన్నాడు ఆపరేటర్. లారీలు తిప్పే మా బావ ఫుల్ సింథటిక్ తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దన్నాడు. ఊళ్లో ఒక కొట్టువాళ్లు బ్యారెల్ నుంచి లూజుగా కొట్టిస్తామన్నారు. ఎవరి అనుభవం వాళ్లది, కాదనను. కానీ ఇంజన్ బోరుకొస్తే లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ మార్చాలి. సీజన్‌లో బండి ఆగితే నెల కిస్తీ ఆగదు. అందుకే ఈ ఇంజన్ తయారుచేసినవాళ్లు ఏం చెప్పారో ముందు చూద్దామనుకున్నా.

బ్లాకు మీదున్న రేకు ప్లేటును డీజిల్ గుడ్డతో తుడిస్తే నంబరు బయటపడింది. దాన్ని ఫోటో తీసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లా. అక్కడ ఇంజన్ స్పేర్లు అమ్మే ఒకాయన పాత మాన్యువల్ వెతికి జిరాక్స్ తీసిచ్చారు. మా ఇంజన్‌కు 15డబ్ల్యూ-40 అని స్పష్టంగా ఉంది. అయినా 45 డిగ్రీల ఎండలో పనిచేసే బండికి అది చాలుతుందా అన్న అనుమానం పోలేదు. రెంటచింతల ఎండల సంగతి తెలిసినవాళ్లకు నా టెన్షన్ అర్థమవుతుంది.

అక్కడి నుంచి ఆ అంకెల సంగతి తెలుసుకోవడం మొదలుపెట్టా. ముందున్న 15డబ్ల్యూ చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెప్పేది. ఆ పరీక్ష చేసేది సున్నాకు 20 డిగ్రీల దిగువన. 20డబ్ల్యూకి సున్నాకు 15 డిగ్రీల దిగువన. మన దగ్గర జనవరి తెల్లవారుజామున కూడా ఈ రెండింటికీ తేడా తెలియదు. అసలు గొడవంతా వెనక అంకెదే. 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు ఉంటే 40 గ్రేడు, అక్కడి నుంచి 21.9 లోపు ఉంటే 50 గ్రేడు. బయట ఎండ 30 ఉన్నా 45 ఉన్నా, థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాను సరిగా పనిచేస్తున్నంతకాలం ఇంజన్ లోపలి వేడి మరీ పెరిగిపోదు. ఎండకు భయపడి గ్రేడు మార్చే ముందు రేడియేటర్ జాలీలో ఇరుక్కున్న దుమ్ము, పత్తి పీచు కడిగించడం మేలు. మేం ముందు ఆ పనే చేశాం.

ఇక ఆపరేటర్ చెప్పిన మాట. అరిగిన ఇంజన్‌కు చిక్కటి ఆయిల్ పోస్తే గేజీలో ప్రెషర్ పెరిగి కనిపిస్తుంది, నిజమే. కానీ ఆయిల్ కదలడం కష్టమైనా ప్రెషర్ పెరుగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైన వాల్వులను నొక్కే రాకర్లకు అది చేరడం ఆలస్యమవుతుంది. డాష్‌బోర్డు గేజీ పనిచేయడం లేదు కాబట్టి మేస్త్రి చేత విడిగా ఒక మెకానికల్ గేజీ పెట్టించా. మధ్యాహ్నం దాకా గుంతలు తీసి, ఇంజన్ బాగా కాగిన తర్వాత చూశాం. ఐడిల్‌లో ముల్లు 20 పీఎస్‌ఐ పైన నిలబడింది, రేజ్ చేస్తే 50 దాటింది. వెయ్యి ఆర్‌పీఎంకు 10 పీఎస్‌ఐ ఉంటే చాలని మేస్త్రీల లెక్క. బేరింగులు అరిగితే ఈ ప్రెషర్ పడిపోతుంది. "బేరింగులు బానే ఉన్నాయబ్బాయ్, చిక్కటిది అక్కర్లేదు" అన్నాడాయన. నీలం పొగ రింగుల నుంచో వాల్వ్ సీళ్ల నుంచో వస్తుంది. దానికి మందు డబ్బాలో దొరకదని కూడా ఆయనే చెప్పాడు.

గ్రేడు తేలాక రెండో ప్రశ్న, డబ్బా మీద ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) అక్షరాలు. మొదటి అక్షరం 'సీ' అయితే డీజిల్ ఇంజన్లకు, 'ఎస్' అయితే పెట్రోల్ బళ్లకు. సీఎఫ్-4 1990లో వచ్చింది, సీహెచ్-4 1998లో, సీఐ-4 2002లో, సీకే-4 2016 చివర్లో. సాధారణంగా కొత్తది పాతదాని పని కూడా చేస్తుంది. ఒక్క ఎఫ్ఏ-4 మాత్రం పల్చటి ఆయిల్, కొత్త రకం ఇంజన్ల కోసం చేసింది. పాత బళ్లలో దాన్ని వాడకూడదు. సీకే-4లో బూడిద మిగిల్చే పదార్థాలకు పరిమితి పెట్టారు, పొగగొట్టంలో ఫిల్టరుండే బళ్ల కోసం. మా బండికి అలాంటి ఫిల్టర్ లేదు. సీఐ-4లో ఆమ్లాన్ని విరిచే శక్తి, అంటే టీబీఎన్, మామూలుగా కాస్త ఎక్కువ ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 డీజిలే. ఆమ్లానికి మూలమైన గంధకం అందులో 10 పీపీఎం (పది లక్షల్లో పది వంతులు) మించదు కాబట్టి ఆ అవసరం కూడా మునుపటంత లేదు. నా ఉద్దేశంలో ఇలాంటి ఇంజన్‌కు 15డబ్ల్యూ-40 సీఐ-4 మినరల్ ఆయిల్ (ముడి చమురు నుంచి తీసే మామూలు రకం) సరిగ్గా సరిపోతుంది. సర్వో, హెచ్‌పీ, మ్యాక్, గల్ఫ్, క్యాస్ట్రాల్ అందరి దగ్గరా దొరుకుతుంది. బ్రాండు గురించి నేను వాదించను. సింథటిక్ మంచి ఆయిలే, కానీ దుమ్ములో పనిచేసే బండికి గంటలు పూర్తికాగానే తీసి పారబోయాల్సిందే. అంత డబ్బు అందులో పెట్టడం కంటే ఫిల్టర్లకు పెట్టడం నయం.

లూజు ఆయిల్ జోలికి మాత్రం అసలు వెళ్లలేదు. ఖాళీ డబ్బాలు కొని, వాడిన ఆయిల్‌ను వడగట్టి నింపి, కొత్త సీలు వేసి అమ్మేవాళ్లున్నారు. కంపెనీ డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లుతోనే కొంటా. పోయడం అయ్యాక డబ్బాకు గడ్డపారతో పొడిచి తూటు పెట్టి పాత సామాను వాళ్లకిస్తా.

పాత ఆయిల్ దించేముందు డిస్ట్రిబ్యూటర్ ద్వారా ఒక చిన్న సీసా శాంపిల్ ల్యాబుకు పంపించా. ఈ పని చేయడం ఎంత మంచిదో రిపోర్టు వచ్చాక తెలిసింది. అరుగుదల చూపే ఇనుము, రాగి పర్వాలేదు. సిలికాన్ బాగా ఎక్కువ. సీలెంట్ పూసినా సిలికాన్ కనిపిస్తుందట, కానీ మేం ఇంజన్ విప్పలేదు. ఇక మిగిలింది మట్టి దుమ్మే. ఎయిర్ ఫిల్టర్ కొత్తదే ఉంది. ఫిల్టర్ నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు హోసు విప్పి, మేస్త్రి లోపల వేలు పెట్టి తీస్తే వేలికి పౌడరులా మెత్తటి మట్టి అంటింది. హోసు అడుగున, క్లాంపు కింద, పైకి కనపడని చోట గోరంత చీలిక. ఆ చీలిక ఉన్నంతకాలం ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా అది మట్టిని మోసుకుంటూ లైనర్లను గీరుతూనే ఉండేది. హోసు, రెండు క్లాంపులు మార్చేశాం.

అప్పుడు ఇంజన్ వేడిగా ఉండగానే ఇంజన్ అడుగున ఆయిల్ ఛాంబర్ నట్టు విప్పి ఆయిల్ దించి, ఫిల్టర్ మార్చి, కొత్తది పోశాం. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కొత్త ఆయిల్ కడుగుతుంది కాబట్టి మొదటి విడత త్వరగా, దాదాపు 100 గంటలకే మార్చా. దించిన ఫిల్టర్‌ను హెక్సా బ్లేడుతో కోసి, కాగితం మడతలు ఎండలో విప్పి చూశాం. నల్ల మడ్డి చాలా ఉంది, మెరిసే లోహపు రజను మాత్రం లేదు. ఆ రోజు నాకు నిజంగా ధైర్యం వచ్చింది. కొత్త ఆయిల్ కొద్దిరోజుల్లోనే నల్లబడితే కంగారు పడక్కర్లేదు, మసిని పట్టి ఉంచడం దాని పనే. డీజిల్ వాసన వచ్చినా, డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగినా, పాలలా తెల్లబడినా మాత్రం వెంటనే బండి ఆపాలి.

కొత్త అవర్ మీటర్ పెట్టించాం. 250 గంటలకోసారి ఆయిల్, ఫిల్టర్ కలిపి మారుస్తున్నాం. ఎప్పుడు మార్చిందీ, మధ్యలో ఎంత టాప్ చేసిందీ క్యాబిన్‌లో పుస్తకంలో ఆపరేటరే రాస్తున్నాడు. బండి ఇంకా కొంచెం ఆయిల్ తాగుతోంది, ఆ లెక్క కూడా పుస్తకంలో ఉంది. వానలు పడి చేలల్లో పని ఆగాక హెడ్ విప్పి వాల్వ్ సీళ్లు, పిస్టన్లు తీసి రింగులు చూడాలని మేస్త్రితో మాట్లాడుకున్నాం.